పాత రాడ్లు చాలు

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు సూర్యాపేట జనానికి మాట్లాడుకోవడానికి విషయాల కరువేమీ లేదు. అయినా దసరాకు ముందు బస్టాండు పక్కన నాగయ్య హోటల్లో నడిచిన వాదమంతా ఒక్కదాని మీదే. లింగస్వామి లారీలో పాత పుష్‌రాడ్లు ఉంచాలా, తీసిపారేసి కొత్తవి వెయ్యాలా? పుష్‌రాడ్డు మొహం ఎరగనివాళ్లు కూడా తలో పక్షం చేరిపోయారు. ఏ పక్షమూ లేకుండా టీ తాగి లేచిపోవడం ఆ రోజుల్లో నామోషీగా ఉండేది.

లారీ యుద్ధంనాటిది. మిలిటరీవాళ్లు వేలం వేస్తే చేతులు మారి మారి చివరికి పెన్‌పహాడ్ లింగస్వామికి చిక్కింది. అంతకుముందు అతను ఎడ్లబండ్ల మీద మిర్యాలగూడ వడ్లు తోలేవాడు. లారీ కోసం బండ్లూ ఎడ్లూ అన్నీ వదులుకున్నాడు. ఇక లారీ కదిలితే ఇల్లు కదులుతుంది, లారీ ఆగితే ఇల్లు ఆగుతుంది. ఆ ఎండాకాలం లారీ ఆగనే ఆగింది. మిర్యాలగూడలో సర్కారు లెవీ వడ్లు చేరవేసే కంట్రాక్టరు మోతీలాల్ సరుకు నిండుగా ఎక్కించి పంపితే, మూసీ రేవు దాటాక గట్టెక్కలేక దగ్గుతూ నిలబడిపోయింది. బస్తాలన్నీ మళ్లీ ఎడ్లబండ్ల మీదికి మార్చాల్సి వచ్చింది. పాత బండ్లవాళ్లు ఆ బస్తాలు మోస్తూ లింగస్వామి మొహం చూసి నవ్వారు.

మోతీలాల్ కేకలేసే మనిషి కాదు. దసరా దాటాక ఒక్కసారి లారీ తీసుకురమ్మన్నాడు. మిర్యాలగూడలో నిండా ఎక్కించి, సూర్యాపేట మీదుగా పోయి కోదాడ గోదాములో దించాలి. దారిలో ఎక్కడా ఆగకపోతే ఆ పంటకాలం వడ్లన్నీ లింగస్వామివే. ఆగితే మాత్రం తన గేటు దగ్గరికి మళ్లీ రావద్దని మర్యాదగానే చెప్పాడు.

లింగస్వామి లారీని నెట్టించుకుని తెచ్చి సూర్యాపేటలో కోదాడ రోడ్డు మీద సత్యానందం షెడ్డులో పెట్టాడు.

సత్యానందం మెకానిక్. యుద్ధకాలంలో సికింద్రాబాదు మిలిటరీ వర్క్‌షాపులో పని నేర్చాడు. నెమ్మదైన మనిషే కాని, ఇంజన్ సంగతి ఎవరన్నా తప్పు చెబితే ఆయన చెవులు ఎర్రబడేవి. షెడ్డు ముందు పెద్ద బోర్డు ఉండేది. 'సత్యానందం, మోటారు మెకానిక్' అని తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాసి ఉంటుంది. రాసింది ఆయన భార్య అచ్చమ్మకు అన్న, కోదాడలో మెకానిక్‌గా ఉన్న మత్తయ్య. ఇద్దరూ ఒకే వర్క్‌షాపులో పని నేర్చినవాళ్లే. షెడ్డు పెట్టినప్పుడు మత్తయ్య తన చేత్తో రంగులు కలిపి, రెండు రోజులు కూర్చుని ఆ బోర్డు రాసిచ్చాడు.

బోర్డు సంగతి కాస్త చెప్పాలి. సత్యానందం ఊరి చివర వెలివాడలో పుట్టినవాడు. తండ్రి యేసు మతంలో కలిసి ఆయనకు సత్యానందమని పేరు పెట్టినా, ఊరు మాత్రం ఆయన్ను 'ఒరే' అనే పిలిచింది. మిలిటరీ నుంచి ఖాకీ నిక్కరుతో దిగినప్పుడూ అదే పిలుపు. బోర్డు లేచిన తర్వాతే ఆ నోళ్లు మెల్లగా 'మిస్త్రి' అనడం నేర్చుకున్నాయి. ఇంగ్లీషు రానివాళ్లు కూడా ఆ మూడో వరుస చూసి కొంచెం తగ్గేవాళ్లు. ఆ బోర్డంటే సత్యానందానికి ప్రాణం.

ఇంజన్ విప్పి చూస్తే జబ్బు తెలిసింది. కాంషాఫ్టు అని లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని పొడుగునా గుడ్ల ఆకారంలో గడ్డలుంటాయి. కడ్డీ తిరిగేటప్పుడు గడ్డలు వాటి మీదున్న ట్యాపెట్లనే చిన్న దిమ్మెలను లేపుతాయి. ట్యాపెట్ల గుంటల్లో నిలబడిన సన్నటి పొడుగాటి పుష్‌రాడ్లు వాటితోపాటు లేచి పైనున్న వాల్వులను తెరిపిస్తాయి. ఇంజన్ ఊపిరి పీల్చేదీ వదిలేదీ ఆ వాల్వుల గుండానే. లింగస్వామి లారీలో గడ్డలు అరిగి చదునైపోయాయి. వాల్వులు సగమే తెరుచుకుంటున్నాయి. గట్టెక్కేటప్పుడు ఊపిరాడక ఆగిపోదా మరి.

సత్యానందం బెజవాడ పోయి, మిలిటరీ సామాను అమ్మే కొట్లలో వెతికి ఒక కాంషాఫ్టు తెచ్చాడు. పాతదాని కంటే దీని గడ్డలు నూలుపోగంత ఎత్తు ఎక్కువ. పరుగుకు పనికొచ్చేది కాదు, బరువు లాగడానికి మంచిది. అక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. పేచీ పెట్టింది మత్తయ్యే. చెల్లెల్ని చూడ్డానికి సూర్యాపేట వచ్చి, నాగయ్య హోటల్లో బెంచీ మీద కాళ్లు చాపి కూర్చుని, అందరూ వినేట్టు బావను కదిలించాడు.

"కాం ఎత్తు పెరిగితే రాడ్ల మీద తోపుడు పెరగదా బావా? అవి యుద్ధం చూసిన రాడ్లు. కొత్తవి వేసెయ్, లేకపోతే లింగస్వామి మూసీ గట్టు మీద ఇల్లు కట్టుకోవాలి."

హోటలంతా నవ్వింది. లింగస్వామి మాత్రం నవ్వలేదు. కొత్తవి వేస్తేనే మంచిదేమో మిస్త్రీ అని మెల్లగా అన్నాడు. సత్యానందం చెవులు ఎర్రబడ్డాయి.

నిజానికి ఆయన అప్పటికే చూడాల్సిందంతా చూశాడు. నాగయ్య బిస్కెట్ల అలమారా అద్దం అడిగి తెచ్చుకుని, రాడ్లన్నిటినీ దాని మీద దొర్లించాడు. వంకర ఉంటే అద్దానికీ రాడ్డుకూ మధ్య వెలుతురు కనబడుతుంది. కనబడలేదు. వాల్వు స్ప్రింగులు పాతవే కనుక నెట్టే బరువు పెద్దగా పెరగదు. పొడుగులో వచ్చే చిన్న తేడాను పైనున్న మరలు తిప్పి సరిచేసుకోవచ్చు. ఇదంతా ఆయన హోటల్లో వివరంగా చెప్పాడు. వివరంగా చెప్పిన మాటకు హోటల్లో బలం ఉండదని ఆయనకు తెలియదు. కొత్తవైతే ధైర్యం కదా అన్నారు ఎవరో. మత్తయ్య మీసం తిప్పి ఔనౌనన్నాడు. అప్పుడు సత్యానందం లేచి నిలబడ్డాడు.

"పాత రాడ్లు చాలు. ఈ లారీకి నేను కొత్త రాడ్లు ఏస్తే, నా బోర్డు నేనే దింపుకుంట."

అంత మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. అన్నాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. ఆ రోజు నుంచి హోటల్లో వాదం రెండింతలైంది.

అంతలో దసరా వచ్చింది.

దసరాకు బండ్లవాళ్లు, కంసాలివాళ్లు, దర్జీలు పనిముట్లకు పూజ చేసుకుంటారు. సత్యానందం క్రైస్తవుడు కాబట్టి ఆయన చెయ్యడు. కాని షెడ్డులో ఎవరి బండి ఉంటే వాళ్లు వచ్చి చేసుకుంటామంటే వద్దనేవాడు కాదు. తాళం చేతికిచ్చి ఇంటికి పోయేవాడు. పనిలో పనిగా వాళ్లు ఆయన సుత్తులకూ పానాలకూ కూడా బొట్లు పెట్టిపోయేవాళ్లు. మర్నాడు ఆయన వాటిని తుడవకుండానే పని మొదలుపెట్టేవాడు. పని చేస్తుంటే బొట్లు వాటంతటవే పోయేవి. ఇన్నేళ్లుగా ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఆ ఏడు పూజకు వచ్చింది లింగస్వామి తల్లి వెంకటనర్సమ్మ. కోడలు కాన్పుకు పుట్టింటికి పోయింది. మొగుడు పోయిన మనిషి ఆయుధపూజ చెయ్యడమేమిటని పెన్‌పహాడ్‌లో ఆడవాళ్లు గొణిగారు. బండి నా కొడుకుది, చేతులు నావి, మీకేం నొప్పి అని వాళ్ల నోరు మూయించి, ఇంటి బావి నీళ్లు బిందెతో సహా తెచ్చుకుని మరీ వచ్చింది. సత్యానందం షెడ్డు దాకా వస్తుంది కాని సత్యానందం ఇంటి నీళ్లు ముట్టదు. ఆ లెక్కలు ఆమెకు ఆమెవి.

లారీ కడిగింది. చక్రాలకు పసుపు రాసింది. విప్పిన ఇంజనుకు బొట్లు పెట్టింది. సుత్తులు, పానాలు, జాకీ, ఏదీ వదల్లేదు. తర్వాత బల్ల మీద ఒక చెక్క కనిపించింది. చెక్కకు వరుసగా రంధ్రాలు, రంధ్రాల్లో నూనె జిడ్డుతో నల్లగా నిలబడ్డ కడ్డీలు. ఇవేనా రాడ్లంటే అని కొడుకును అడిగింది. ఇవేనన్నాడతను. వీటి మీదనే గద ఊరంత పంచాయితి అనుకుంది ఆమె. ఊరంతా తిట్టుకుంటున్న కడ్డీలు ఇంత మురికిగా ఉంటే దేవుడు మాత్రం ఎట్లా చూస్తాడు? చెంగు బిగించి చింతపండు, బూడిద కలిపి, ఇంట్లో ఇత్తడి చెంబులు తోమినట్టు ఒక్కొక్కటీ నిగనిగలాడేదాకా తోమింది. కడిగి, తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, తిరిగి చెక్కలో ఒక్కో రంధ్రంలో ఒక్కోటి ఎంతో జాగ్రత్తగా నిలబెట్టింది. ఒక్కటి కూడా కింద పడెయ్యలేదు. ఆ పనికి ఆమె చాలా సంతోషపడింది.

మర్నాడు షెడ్డు తెరిచిన సత్యానందం చెక్కలో మెరుస్తున్న రాడ్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆ చెక్క ఆయన సికింద్రాబాదులో నేర్చుకున్న పద్ధతి. ఇంజన్ లోంచి ఏ చోటి రాడ్డు తీస్తే దాన్ని చెక్కలో ఆ చోటి రంధ్రంలోనే గుచ్చాలి. రేడియేటరు వైపు ఏదో గుర్తుండడానికి చెక్క ఒక మూల కోసి ఉంటుంది. ఎందుకంటే ఏళ్ల తరబడి ఒకే గుంటలో కూర్చున్న రాడ్డు కొన, ఆ గుంటా ఒకదానికొకటి అలవాటుపడి అరుగుతాయి. తొడిగి తొడిగి కాలి ఆకారానికి వచ్చిన చెప్పును ఇంకొకరు తొడిగితే ఎట్లా కరుస్తుందో, ఒకదాని గుంటలో ఇంకో రాడ్డు పెడితే అట్లా కరుస్తుంది. ఆ రోజే తెలియదు. ముందు సన్నగా టకటకమంటుంది. నెలలు గడిచేకొద్దీ రాడ్డు కొనా పోతుంది, ట్యాపెట్టూ పోతుంది. పాత రాడ్లు చాలని ఆయన అన్న మాట నిజమే, ఎవరి చోట్లో వాళ్లుంటే. ఇప్పుడు ఎవరి చోటు ఎవరిదో చెప్పే జిడ్డు మరకలు కూడా చింతపండుతో పోయాయి.

లింగస్వామి వచ్చి, అమ్మ తోమితే ఎట్లా మెరుస్తున్నాయో చూశావా మిస్త్రీ అన్నాడు. చూశానన్నాడు సత్యానందం.

రాడ్లు ఒక్కొక్కటీ ట్యాపెట్ల గుంటల్లో పెట్టి, వేళ్లతో తిప్పి, చెవి ఆనించి విన్నాడు. కొన కొనకూ సుద్ద రాసి చూశాడు. సగం వాటి ఇళ్లు దొరికాయి. మిగతావి ఎక్కడ పెట్టినా అదే తమ ఇల్లన్నట్టు కూర్చున్నాయి. కొత్తవైతే ఏ అలవాటూ లేని కొనలు, ఏ గుంటలోనైనా మెల్లగా ఇముడుతాయి. సాయంత్రానికి ఆయన మెడ నొప్పెట్టింది.

బిగించెయ్యొచ్చు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. అలాగే బిగించేస్తే మోతీలాల్ పరీక్షలో లారీ నెగ్గుతుంది, అందులో అనుమానం లేదు. తన మాట నిలుస్తుంది, బోర్డు నిలుస్తుంది. నెలలు పోయాక చప్పుడు మొదలైతే బరువు ఎక్కువేసి తోలావని లింగస్వామినే అనొచ్చు. లోకంలో ఎవరికీ తెలియదు. మత్తయ్యకు కూడా తెలియదు. ఇంత తేలికైన దారి ముందుండేసరికి ఆయనకు భయమేసింది.

పోనీ ఉన్నదున్నట్టు చెబితే? లింగస్వామి కోపిష్టి, తల్లి మీద ఇంతెత్తున లేస్తాడు. దాన్నైనా సర్దొచ్చు. ముండమోపి పూజ చేసింది, బండి పాడైంది అని ఊరు ఒక్కసారి అన్నదంటే ఆ మాట ఇక చావదు. రేపు ఎక్కడ టైరు పగిలినా ఆమె పేరే వస్తుంది. అసలు చెక్కను పెట్టెలో పెట్టి తాళం వెయ్యకుండా బల్ల మీద వదిలిపోయింది ఎవరు? ముట్టుకోవద్దని ఒక్క మాట చెప్పకుండా పోయింది ఎవరు? ఇన్నేళ్లూ వాళ్ల పూజ వాళ్లదని తప్పుకుని పోవడమే తెలుసు కాని, నిలబడి ఒక మాట చెప్పడం తనకు తోచలేదు.

ఇంటికి పోయి అచ్చమ్మకు చెప్పాడు. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ అంతా విన్నది.

"కొత్తయి ఎయ్యాలెనంటె మా అన్న దగ్గరనే ఉన్నయి, గాడికే పోవాలె. నవ్వుతడు. నవ్వితె నీ పండ్లు రాలుతయా?"

"బోర్డు?"

ఆమె చేట పక్కన పెట్టింది. బోర్డుంటే ఆయన ఎట్లా నడుస్తాడో, లేకపోతే ఎట్లా నడిచేవాడో చూసిన మనిషి.

"అన్నది నువ్వే గద," అని మాత్రం అన్నది.

సత్యానందం కొలతకు ఒక రాడ్డు సంచిలో వేసుకుని పొద్దున్నే కోదాడ బస్సెక్కాడు.

మత్తయ్య దూరం నుంచే చూసి, చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. కొత్త రాడ్లు కావాలన్న మాట విని, చుట్టుపక్కల కొట్లవాళ్లందరూ వినేట్టు నవ్వాడు. ఇద్దర్ని పిలిచి, మా బావ ఒప్పుకున్నాడండీ అని చెప్పాడు కూడా. సత్యానందం నేల చూస్తూ నిలబడ్డాడు. కొలతకని తెచ్చిన రాడ్డు మత్తయ్య చేతిలోకి తీసుకున్నాడు. అది ఇత్తడి చెంచాలా మెరుస్తోంది. కొన దగ్గర గుంటలో ఇంకా కొంచెం పసుపు ఉంది. మత్తయ్య దాన్ని గోటితో గీకి వాసన చూశాడు. నవ్వు ఆపేశాడు.

"ఎవరు తోమారు?"

సత్యానందం చెప్పాడు. మత్తయ్య బావను షెడ్డు లోపలికి తీసుకుపోయి, బల్ల మీద కూర్చోబెట్టి, తను నిలబడే ఉన్నాడు.

"బావా, నీకో సంగతి చెప్పాలి. ఇట్లాంటి కాంలు నేనూ వేశాను. ఒక్క బండికీ రాడ్లు మార్చలేదు. పాతవే చాలు. నిన్ను ఉడికిద్దామని అన్నాను గాని, నువ్వు బోర్డు దాకా పోతావనుకోలేదు."

సత్యానందానికి ఒళ్లు మండిపోయింది. చేతికి అందిన పానా తీసి నేలకేసి కొట్టాడు. సరదాకు అన్న మాటతో ఊరంతా లేచింది, ఊరు లేచినందుకే ముసలామె ఆ రాడ్లను వెతికి మరీ తోమింది. మత్తయ్య పానా తీసి యథాస్థానంలో పెట్టాడు. సూర్యాపేట వచ్చి, నేను ఊరికే అన్నానని హోటల్లో చెబుతానన్నాడు.

"వద్దు. పాతయే చాలంటె మల్ల కొత్తయెందుకేసినవని అడుగుతరు. అప్పుడు ఆమె పేరు చెప్పాలె. నువ్వు గెలిచినవ్, గంతే."

మత్తయ్య అదే రకం ఇంజనున్న ఒక బస్సు కోసం తెప్పించి దాచుకున్న కొత్త రాడ్ల కట్ట తెచ్చి బావ సంచిలో పెట్టాడు. బస్సు దాకా వచ్చి, బోర్డు నేను రాసింది, దింపొద్దు అన్నాడు. సత్యానందం సంచి ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాడు.

కొత్త రాడ్లు వేస్తున్నానని చెబితే లింగస్వామి ఎగిరి గంతేశాడు. తను ముందే అనుకున్నానన్నాడు. పాత రాడ్లను ఏం చెయ్యాలంటే, పూజ చేసినవి కదా, అమ్మకు ఇచ్చేయమన్నాడు సత్యానందం.

మోతీలాల్ పరీక్ష రోజున సత్యానందం లారీ వెంట పోలేదు. షెడ్డు ముందు నిలబడి మిర్యాలగూడ దిక్కు నుంచి వచ్చే దారి చూస్తూ ఉన్నాడు. మధ్యాహ్నం దాటాక, లారీ ఇంకా కనబడకముందే చప్పుడు వినిపించింది. మూసీ గట్టు ఎక్కి వచ్చిందన్నమాట. ఒక్క తప్పు చప్పుడు లేదు. నిండుగా పేర్చిన బస్తాలతో లారీ ఆయన ముందు నుంచే పోయింది. ఆపకూడదు కాబట్టి లింగస్వామి ఆపలేదు, కిటికీలోంచి చెయ్యి మాత్రం ఊపాడు. సత్యానందం కూడా చెయ్యి ఊపాడు. ఆ చప్పుడు విన్నప్పుడు ఆయనకు నిజంగా సంతోషమైంది. ఆ తర్వాత నిచ్చెన తెచ్చుకుని, ఎవరూ అడగకముందే బోర్డు దింపి, అక్షరాలు గోడవైపుకు తిప్పి పెట్టాడు.

పంటకాలం వడ్లన్నీ లింగస్వామికి వచ్చాయి. నాగయ్య హోటల్లో మత్తయ్య తెలివి గురించి వారం రోజులు చెప్పుకున్నారు. బోర్డు దింపిన షెడ్డుకు పని తగ్గింది. కొందరు చిన్న పనికి కూడా కోదాడ పోతామన్నారు. ఆ బాధ వేరు, దానికి ఆయన సిద్ధపడే ఉన్నాడు. ఒకరోజు నూనెగానుగ బండివాడు ఇరుసు చూపించడానికి వచ్చి, షెడ్డు బయటే నిలబడి, "ఏంరా సత్యానందం, ఉన్నవా?" అని పిలిచాడు. నిన్నమొన్నటిదాకా వాడు మిస్త్రి అన్నవాడే. సత్యానందం వచ్చి ఇరుసు చూశాడు, బాగుచేసి పంపాడు. వాడు పోయాక చాలాసేపు లోపలే కూర్చున్నాడు. అచ్చమ్మ అన్నం తెస్తే కడుపు బాగాలేదన్నాడు. ఆమె నమ్మలేదు.

తర్వాతి సంతరోజున వెంకటనర్సమ్మ పెన్‌పహాడ్ నుంచి వచ్చింది. కొడుకు లారీ మీదే కోదాడ దిక్కు పోయాడు, ఆమె వేరే బండెక్కి వచ్చింది. షెడ్డు ముందు బోసిగా ఉన్న గుంజలు చూసి, బోర్డేదని నాగయ్యను అడిగింది. పందెం ఓడాడు కదా అని నాగయ్య నవ్వుతూ కథంతా చెప్పాడు. ఆమె నవ్వలేదు. టీ వద్దని, నేరుగా షెడ్డుకు పోయింది. సత్యానందం లేచి నిలబడ్డాడు.

"మిస్త్రి బిడ్డా, పండుగకు ముందు రాడ్లు మంచిగున్నయన్నవు. పండుగ తెల్లారి కొత్తయి కావాలన్నవు. నడుమ ముట్టింది నేనొక్కదాన్నే."

సత్యానందానికి అబద్ధం ఆడాలనే ఉంది. కాని ఆమె కళ్లలోకి చూస్తూ ఆడలేకపోయాడు.

"నాదే తప్పమ్మా. ముట్టుకోవద్దని చెప్పకుంట పోయిన."

ఆమె ఇంకేం అడగలేదు. సంత సంచి అక్కడే పెట్టి, తిరిగి హోటలుకు నడిచింది. సత్యానందం వద్దు వద్దంటూ వెనకే వెళ్లాడు. సంత రోజు కాబట్టి హోటల్ నిండా జనం. నూనెగానుగ బండివాడూ ఉన్నాడు. వెంకటనర్సమ్మ ఆడమనిషి అడుగుపెట్టని ఆ హోటల్ గడప దాటి, బెంచీల మధ్యకు పోయి నిలబడింది.

"రాడ్లు మంచియే ఉండె. నేను చింతపండేసి తోమి, ఏది ఎక్కడిదో తెల్వకుంట జేసిన. గందుకే కొత్తయి ఏసిండు. ముండమోపి పూజ జేస్తె గిట్లనే అయితదని మీరంటరని ఈయన నా పేరు తియ్యలే. బోర్డు దింపుకున్నడు. ఇగ అనుండ్రి. నా మొకం మీదనే అనుండ్రి."

నాగయ్య గ్లాసు కడుగుతూ కడుగుతూ ఆగిపోయాడు. బండివాడు తల వంచుకుని టీలోకి చూశాడు. ఆమె కాసేపు ఎదురుచూసి, అనేవాళ్లు లేరని రూఢి చేసుకుని, వచ్చిన దారినే షెడ్డుకు పోయింది. ఇద్దరు ముగ్గురు లేచి వెనకే వచ్చారు.

గోడకు ఆనించిన బోర్డును ఆమె ఇటు తిప్పమంది. సత్యానందం తిప్పాడు. మూడు భాషల్లో ఒక్కటీ ఆమెకు చదవడం రాదు. చెంగు ముడి విప్పి చిన్న కుంకుమ భరిణె తీసింది. పిట్టలాంటి మనిషి, బోర్డు ముందు గొంతుక్కూర్చుంది.

"దసరనాడు నీ షెడ్లున్న అన్నిటికి పెట్టిన. గిదొక్కటే పైన ఉండె, నాకందలే. గీడనే కొరత పడ్డట్టుంది."

మూడు వరుసలకూ మూడు బొట్లు పెట్టి లేచింది. అచ్చమ్మ ఎందుకైనా మంచిదని చెంబుతో నీళ్లు తెచ్చి నిలబడింది కాని, ఇస్తే తీసుకుంటుందో లేదో తెలియక చాచలేదు. వెంకటనర్సమ్మ చూసి, చెయ్యి చాచి చెంబు తీసుకుని, నీళ్లు తాగి, చెంబు తిరిగిచ్చింది. సంచి ఎత్తుకుని సంతకు పోయింది. ఈలోగా వాళ్ల వెంట వచ్చిన నూనెగానుగ బండివాడు నిచ్చెన పట్టుకుని, "ఎక్కు మిస్త్రీ, నేను పట్టుకుంట," అన్నాడు. సత్యానందం ఎక్కి బోర్డు తగిలించాడు.

మత్తయ్య తను ఊరికే ఉడికించిన సంగతి మాత్రం సూర్యాపేటలో ఈనాటికీ చెప్పలేదు.

ఆదివారం చర్చికి పోయేముందు అచ్చమ్మ తడిగుడ్డా, చిటికెడు బూడిదా తెచ్చి బోర్డు కింద నిలబడింది. పాస్టరుగారు ఈ దారినే వస్తారు, చూస్తే బాగుండదు, నిచ్చెన వేస్తే తుడిచేస్తానంది. సత్యానందం బొత్తాలు పెట్టుకుంటూ తలెత్తి మూడు బొట్లనూ చూశాడు.

"తోమకు," అన్నాడు. "ఎక్కడిది అక్కడ ఉండనియ్."